సన్నగీత ఫాంట్లు: శుభలేఖకి ఏది, షాపు బోర్డుకి ఏది

కంప్యూటర్ తెర మీద నాజూగ్గా కనిపించిన ఇంగ్లిష్ ఫాంటు బందరు రోడ్డులో బోర్డెక్కాక మాయమైపోతుంది. గుంటూరులో అచ్చైన శుభలేఖ మీద పెళ్ళికూతురి పేరు అక్కడక్కడా తెగి వస్తుంది. రెండు చోట్లా జరిగిన పొరపాటు ఒకటే. ఫాంటుని అందం చూసి ఎంచుకున్నారు, అది దేని మీద, ఏ పద్ధతిలో తయారవుతుందో ఆ తర్వాత ఆలోచించారు.

ఇక్కడ మాట్లాడుకునేది ఒక్క జాతి ఫాంట్ల గురించే. కొసలకి తోకలుండవు, గుండ్రాలు కంపాసుతోనూ గీతలు స్కేలుతోనూ గీసినట్టు ఉంటాయి, గీత మందం మొదట్నించి చివరిదాకా ఒకేలా సన్నగా సాగుతుంది. చీరల బొటిక్కులు, నగల షాపులు, కాఫీ షాపులు, పెళ్ళి కార్డులు ఎక్కువగా అడిగే రకం ఇది. వీటన్నిటికీ తాత లాంటిది 1927లో పాల్ రెన్నర్ గీసిన ఫ్యూచురా. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌కి చెందిన బవర్ ఫౌండ్రీ అనే అచ్చక్షరాల కంపెనీ దాన్ని విడుదల చేసింది. ఫ్యూచురా డబ్బు పెట్టి కొనాల్సిన ఫాంటు. ఈ వ్యాసంలో పోల్చినవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేవే, వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు.

కంపాసుతో గీసినట్టు ఉంటాయని అన్నాం గానీ నిజంగా కంపాసుతో గీస్తే కుదరదు. అడ్డగీత, నిలువుగీత ఒకే మందంలో ఉంటే కంటికి అడ్డగీత లావుగా కనిపిస్తుంది. అందుకే మంచి ఫాంటులో అడ్డగీతని ఒక పిసరు తగ్గిస్తారు. గుండ్రటి ఓ అక్షరాన్ని పక్కనున్న హెచ్ కంటే పైనా కిందా కాస్త బయటికి తోస్తారు, లేకపోతే అది చిన్నదిగా అనిపిస్తుంది. డిజైనర్ సొంతంగా వృత్తాలూ గీతలూ అతికించి చేసిన లోగో ఎందుకో కుదరలేదనిపిస్తే ఈ రెండూ చూడండి, చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది.

## ముందు గీత శాతం కొలవండి

లైట్, థిన్ అనే పేర్లని నమ్ముకోవద్దు. ఒక ఫాంటులో లైట్ అన్నది ఇంకో ఫాంటులో థిన్ అంత ఉండొచ్చు. కొలత మనమే తీసుకోవాలి. రెండు నిమిషాల పని.

కోరెల్‌డ్రాలో గానీ ఇల్లస్ట్రేటర్‌లో గానీ ఆ ఫాంటుతో క్యాపిటల్ ఐ ఒక్కటే టైపు చెయ్యండి. కర్వ్స్‌గా (అంటే అక్షరాన్ని గీతల బొమ్మగా) మార్చి, వెడల్పు, ఎత్తుల నిష్పత్తి తాళం వేసి, ఎత్తు సరిగ్గా 100 మి.మీ. పెట్టండి. వెడల్పు గడిలో కనిపించే సంఖ్యే ఆ ఫాంటు గీత శాతం. 3 వస్తే వెంట్రుక రకం, 8 దగ్గర వస్తే మామూలు లైట్, 13 దగ్గర వస్తే రెగ్యులర్ కింద లెక్క.

తర్వాతది మామూలు భాగహారం. ఆ పద్ధతికి కావలసిన కనీస గీతని ఈ శాతంతో భాగిస్తే క్యాపిటల్ అక్షరం కనీసం ఎంత ఎత్తుండాలో తెలుస్తుంది. కింది పట్టికలో కొలతలన్నీ మిల్లీమీటర్లలో ఉన్నాయి. కనీస గీత మెషీన్ని బట్టి, పనివాడి చేతిని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది, మీ ప్రెస్సులో అడిగి ఆ సంఖ్యతోనే లెక్క కట్టుకోండి.

| పద్ధతి | కనీస గీత | 3 శాతం ఫాంటుకి ఎత్తు | 8 శాతం ఫాంటుకి | 13 శాతం ఫాంటుకి |
|---|---|---|---|---|
| ఆఫ్‌సెట్, తెల్ల కాగితం మీద నలుపు | 0.1 | 3.3 | 1.3 | 0.8 |
| ఆఫ్‌సెట్, ముదురు రంగులో తెల్ల అక్షరం | 0.2 | 6.7 | 2.5 | 1.5 |
| గోల్డ్ ఫాయిల్ | 0.25 | 8.3 | 3.1 | 1.9 |
| స్క్రీన్ ప్రింటింగ్ | 0.3 | 10 | 3.8 | 2.3 |
| వినైల్ కటింగ్ | 3 | 100 | 38 | 23 |
| 3 మి.మీ. అక్రిలిక్, లేజర్ కటింగ్ | 5 | 167 | 63 | 38 |
| లోపల ఎల్‌ఈడీ మాడ్యూళ్ళు పెట్టే అక్షరం | 25 | 833 | 313 | 192 |

చివరి వరస చూడండి. వెంట్రుక ఫాంటుతో లోపల లైటు వెలిగే అక్షరం చెయ్యాలంటే ఒక్కో అక్షరం 83 సెంటీమీటర్లు, అంటే దాదాపు రెండు ముప్పావు అడుగులు ఉండాలి. అంత జాగా ఉన్న షాపు ముఖాలు మన దగ్గర ఎన్ని? "ఇదే ఫాంటు, లైటు లోపల వెలగాలి" అని ఆర్డరిస్తే బోర్డువాడు అక్షరాలకి చుట్టూ అవుట్‌లైన్ వేసి లావు చేస్తాడు. గీత లావైన కొద్దీ లోపలి ఖాళీ మూసుకుపోయి అసలు రూపం పోతుంది. దానికంటే అదే కుటుంబంలో బరువైన ఫాంటు ముందే ఎంచుకోవడం మేలు.

## ఇంగ్లిష్ ఫాంట్లు

పోయిరెట్ వన్. డెనిస్ మషరోవ్ గీసింది. ఈ జాతిలో అచ్చమైన అలంకారపు ఫాంటు ఇదే. 1920ల నాటి ఆర్ట్ డెకో పోస్టర్ల ఛాయ దీంట్లో స్పష్టంగా ఉంటుంది. పేరు ఒక్కటీ పెద్దగా వేసి చుట్టూ ఖాళీ వదిలితే దీన్ని మించింది లేదు. ఇబ్బంది ఏమిటంటే ఉన్నది ఒక్కటే బరువు. బోల్డ్ లేదు, ఇంకా సన్నదీ లేదు. సాఫ్ట్‌వేర్‌లో బోల్డ్ బటన్ నొక్కితే అది ఉత్తుత్తి బోల్డు, అక్షరం చుట్టూ సమానంగా గీత పులిమినట్టు వస్తుంది. కాబట్టి పోయిరెట్ తీసుకుంటే చిరునామాకీ ఫోన్ నంబరుకీ రెండో ఫాంటు తప్పదు. పేరాలకి అసలు వాడకూడదు.

జోసెఫిన్ శాన్స్. శాంటియాగో ఒరోజ్కో గీసింది. 100 (బాగా సన్నది) నుంచి 700 (బోల్డ్) దాకా బరువులున్నాయి, పాతకాలపు సొగసు కూడా ఉంది. దీని ప్రత్యేకత చిన్నక్షరాల ఎత్తు. క్యాపిటల్ ఎత్తులో చిన్నక్షరం సగమే ఉంటుంది. మామూలు ఫాంట్లలో దాదాపు మూడింట రెండొంతులు, అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది. అందుకే పేరు అంతా క్యాపిటల్స్‌లో వేస్తే హుందాగా నిలబడుతుంది గానీ, చిరునామా చిన్నక్షరాల్లో 8 పాయింట్లు వేస్తే 6 పాయింట్లు వేసినట్టు కనిపిస్తుంది. శుభలేఖలు చదివే తాతయ్యలకి ఇది కష్టమే.

రేల్‌వే. రైలుకీ దీనికీ సంబంధం లేదు. మ్యాట్ మెకినర్నీ 2010లో ఒక్క సన్నటి బరువుతో మొదలుపెట్టాడు, 2012లో పాబ్లో ఇంపల్లారి, రోడ్రిగో ఫ్యుయెన్జలిడా దాన్ని తొమ్మిది బరువుల కుటుంబంగా పెంచారు. పేరుకీ వివరాలకీ ఒకే కుటుంబం సరిపోవాలంటే ఇది బాగా పనికొస్తుంది. కానీ దీని అంకెలతో జాగ్రత్త. మామూలుగా టైపు చేస్తే పాతకాలపు ఎగుడుదిగుడు అంకెలు వస్తాయి. విజయవాడ పిన్ కోడ్ 520001 వేసి చూడండి: 5 తోక గీత కిందికి వేలాడుతుంది, మిగతా అయిదు అంకెలూ చిన్నక్షరాల ఎత్తుకి కుదించుకుపోతాయి, సున్నాలు మూడూ అచ్చం ఇంగ్లిష్ చిన్న ఓ లాగా ఉంటాయి. ఫోన్ నంబరులో ఇలా వస్తే తప్పుగా నొక్కుతారు. ఇన్‌డిజైన్‌లో ఓపెన్‌టైప్ మెనూలో లైనింగ్ అంకెలు ఎంచుకుంటే సమానమైన అంకెలు వస్తాయి. ఆ మెనూ లేని ఫోన్ యాప్‌లలో పోస్టర్ చేసేవాళ్ళు అంకెలకి వేరే ఫాంటు పెట్టుకోవాలి.

క్విక్‌శాండ్. 2008లో ఆండ్రూ పాగ్లినావన్ గీశాడు, తర్వాత థామస్ జాకిన్ సవరించాడు. గీతల కొసలు గుండ్రంగా ఉంటాయి. ఇది చూడ్డానికి చిన్న తేడానే అయినా పనిలో పెద్దది. వినైల్ స్టిక్కరు ఊడటం మొదలయ్యేది పదునైన మూలల దగ్గర, గుండ్రటి కొస అంత తొందరగా లేవదు. బరువులు 300 నుంచి 700 దాకా. ఛాయ మాత్రం మెత్తన: పిల్లల బట్టలు, ఐస్‌క్రీం, బేకరీ. నగల షాపుకి పెడితే ఆట వస్తువుల కొట్టు అనిపిస్తుంది.

మోంట్సెరాట్. జూలియెటా ఉలనోవ్‌స్కీ గీసింది. బ్యూనస్ ఐరిస్‌లో మోంట్సెరాట్ అనే పాత పేట గోడల మీది పోస్టర్లూ, బోర్డులూ చూసి తయారుచేసింది. 100 నుంచి 900 దాకా అన్ని బరువులూ ఉన్నాయి, చిన్నక్షరాలు ఎత్తుగా ఉంటాయి, దూరం నుంచి బాగా చదవవచ్చు. అలంకారం తక్కువ, వెడల్పు ఎక్కువ. ఏది ఎంచుకోవాలో తేలకపోతే బోర్డుకి దీని లైట్ పెట్టినవాళ్ళు చెడిపోరు, కానీ ఊళ్ళో సగం బోర్డుల మీద ఇదే ఉంటుంది.

ఈ జాతి ఫాంట్లు చాలావాటితో ఒక చిక్కు ఉంది. క్యాపిటల్ ఐ, చిన్న ఎల్ రెండూ ఉత్త నిలువు గీతలే. "ఇల" అనే పేరు ఇంగ్లిష్‌లో రాస్తే మొదట రెండు కర్రలు పక్కపక్కన నిలబడతాయి, పదకొండు అని చదువుతారు. అలాంటి పేర్లకి అన్నీ క్యాపిటల్స్ వెయ్యండి. క్యాపిటల్స్ మధ్య ట్రాకింగ్ (అక్షరాల మధ్య దూరం) 50 నుంచి 150 దాకా పెంచితే ఈ జాతి ఫాంట్లు ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటాయి. ఖరారు చేసేముందు పేరు, 0 నుంచి 9 దాకా అంకెలు, రూపాయి గుర్తు టైపు చేసి చూడండి. రూపాయి గుర్తు 2010లో వచ్చింది, అలంకారపు ఫాంట్లు కొన్నిటిలో ఉండదు. దాని బదులు ఖాళీ డబ్బా వస్తుంది.

## పక్కన తెలుగు ఏది పెట్టాలి

మన దగ్గర బోర్డు మీద తెలుగు ఉండి తీరాలి, దుకాణాల నియమాల ప్రకారం ఇతర భాష దాని కింద రావాలి. అసలు పని కష్టమయ్యేది ఇక్కడే. ఇంగ్లిష్ సన్నగా సోకుగా ఉండి, పైన తెలుగు లావుగా గుమ్మడికాయల్లా ఉంటే రెండు షాపుల బోర్డులు అతికించినట్టు ఉంటుంది.

తెలుగు అక్షరం ఎలాగూ గుండ్రమే కదా, సన్నగీతలో అందంగా ఒదుగుతుంది అనుకుంటాం. ఒదుగుతుంది కూడా. అయితే ఇంగ్లిష్‌లో గీత కాస్త తెగినా అక్షరం అదే అక్షరం. తెలుగులో ద కింద చిన్న నిలువు గీత ఉంటేనే ధ. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఆ గీత పూడుకుపోతే "ధర" కాస్తా "దర" అవుతుంది, "ఫోన్" పోయి "పోన్" అవుతుంది. చూసినవాడు ఫాంటుని తిట్టడు, షాపువాడికి తెలుగు రాదనుకుంటాడు. కాబట్టి తెలుగులో కనీస గీతని ఈ ఒత్తక్షరాల గీత దగ్గర, వత్తుల దగ్గర కొలవాలి, అక్షరం పక్క గీత దగ్గర కాదు.

అనెక్ తెలుగు. ఏక్ టైప్ సంస్థ చేసింది. బరువు 100 నుంచి 800 దాకా, వెడల్పు 75 నుంచి 125 దాకా ఎంత కావాలంటే అంతకి జరుపుకోవచ్చు. ఇంగ్లిష్ గీత ఎన్ని మిల్లీమీటర్లు ఉందో చూసి, తెలుగు గీత కూడా అంతే వచ్చేదాకా బరువు జరపండి. పోయిరెట్ పక్కనైనా, రేల్‌వే పక్కనైనా జతపడేది ఇదే. ముందు దీన్ని చూసి, నచ్చకపోతేనే మిగతావాటికి వెళ్ళండి.

నోటో శాన్స్ తెలుగు. బరువులు 100 నుంచి 900 దాకా. ఏ సంయుక్తాక్షరం ఇచ్చినా తడబడదు. కొంచెం ఆఫీసు వాసన.

హింద్ గుంటూరు. ఇండియన్ టైప్ ఫౌండ్రీది. పేరులో గుంటూరు ఉంది కదా అని అభిమానంతో తీసుకోకండి, పని చూసి తీసుకోండి. అన్నిటికంటే సన్నది 300 లైట్. వెంట్రుక ఇంగ్లిష్‌కి సరిపోదు గానీ చిరునామా, మెనూ, ధరల పట్టికల్లాంటి చిన్న తెలుగుకి చాలా శుభ్రంగా ఉంటుంది.

చతుర. థిన్ నుంచి ఎక్స్‌ట్రాబోల్డ్ దాకా అయిదు బరువులు. పక్కకి ఇరుకుగా, నిలువుగా సాగిన అక్షరాలు. పొడవాటి పేరు చిన్న జాగాలో పట్టాలంటే ఉపయోగం. అదే పాయింట్ సైజులో మిగతావాటికంటే చాలా చిన్నగా కనిపిస్తుంది, పెంచి చూడండి.

తెలుగులో ట్రాకింగ్ 20 దాటించకండి, పదం పదంగా కనిపించదు. వరసకీ వరసకీ మధ్య దూరం అక్షర సైజుకి ఒకటిన్నర రెట్లు ఉండాలి, లేకపోతే పై వరస వత్తు కింది వరస గుడికి తగులుతుంది.

## శుభలేఖ

పెళ్ళి కార్డుకి ఎంపిక చాలావరకు అచ్చు పద్ధతే తేలుస్తుంది. 24 పాయింట్లలో వేసిన ఇంగ్లిష్ పేరుకి క్యాపిటల్ ఎత్తు సుమారు 6 మి.మీ. 3 శాతం ఫాంటైతే గీత 0.18 మి.మీ. ఆఫ్‌సెట్‌లో నలుపు హాయిగా వస్తుంది. అదే స్క్రీన్ ప్రింటింగ్‌లో తెగుతుంది, 40 పాయింట్లకి పెంచాలి. ఫాయిల్‌కి సుమారు 34 పాయింట్లు కావాలి, అంత పెట్టినా గీతకీ గీతకీ మధ్య 0.4 మి.మీ. ఖాళీ లేకపోతే బంగారు పొర రెంటినీ కలిపేస్తుంది. తెలుగు సున్నాలూ, వత్తులూ ముందు మూసుకుపోయేది ఇలాగే.

మే నెల ముహూర్తాల కార్డులకి మరో ఇబ్బంది ఉంది. ఎండలకి స్క్రీన్ ఇంకు మెష్‌లోనే (ఇంకు దిగే వలలోనే) ఆరిపోతుంది, ముందు పూడుకునేవి సన్నగీతల కన్నాలే. మొదటి యాభై కార్డులు బాగా వచ్చి, తర్వాతివి తెగుతుంటే ఇదే కారణం. సన్నగీతకి సెంటీమీటరుకి 120 దారాల మెష్ అడగండి, ఆలస్యంగా ఆరే ద్రావకం కలపమనండి. గరుకు కాగితం, మెరుపు పొడి అద్దిన కాగితం మీద ఇంకు సమానంగా కూర్చోదు. అలాంటి కాగితమే కావాలంటే 8 శాతానికి తగ్గవద్దు.

ఈ లెక్కన స్క్రీన్ లేదా ఫాయిల్ కార్డుకి పేర్లు జోసెఫిన్ లైట్ క్యాపిటల్స్‌లో, తెలుగు అనెక్‌లో దానికి జతగా, ముహూర్తం, వేదిక హింద్ గుంటూరు రెగ్యులర్‌లో. ఆఫ్‌సెట్ కార్డైతే పోయిరెట్ నిస్సంకోచంగా పెట్టుకోండి. మొదటి పేజీ ఎంత సోకుగా ఉన్నా ముహూర్తం టైము, కల్యాణ మండపం దారి 11 పాయింట్లకి తక్కువ వెయ్యకండి.

## షాపు బోర్డు

బోర్డుకి కొలమానం చూసే దూరం. మంచి చూపున్న కంటికి 30 మీటర్ల దూరంలో 9 మి.మీ.కంటే సన్నటి గీత స్పష్టంగా అందదు. రోడ్డుకి అవతలి వైపు నుంచి, నడుస్తూ, బండి మీద పోతూ చూస్తారు కాబట్టి దానికి రెట్టింపు, 18 మి.మీ. పెట్టుకోండి. 8 శాతం ఫాంటుకి అప్పుడు అక్షరం 22.5 సెంటీమీటర్లు, 3 శాతం ఫాంటుకి 60 సెంటీమీటర్లు కావాలి. అందుకే బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు లాంటి వెడల్పైన చోట్ల మోంట్సెరాట్ లైట్ గానీ రేల్‌వే మీడియం గానీ. బీసెంట్ రోడ్డు, బ్రాడీపేట అడ్డరోడ్లలో షాపు ముందుకొచ్చే నడిచి చూస్తారు, దూరం 8 మీటర్లు దాటదు, అక్కడ పోయిరెట్ కూడా బతుకుతుంది.

రాత్రి సంగతి వేరు. వెలిగే గీత కంటికి ఉన్నదానికంటే లావుగా కనిపిస్తుంది, నల్ల నేపథ్యం మీద తెల్ల వెలుగైతే మరీను. పగలు సన్నగా అనిపించిన బోర్డు రాత్రి చక్కగా కనిపిస్తే ఇదే కారణం. మీ వ్యాపారం సాయంత్రం ఆరు తర్వాతే అయితే ఒక బరువు తగ్గించుకోవచ్చు.

ఏసీపీ (అల్యూమినియం పొరల షీటు) బోర్డు మీద అక్రిలిక్ అక్షరాలు అతికిస్తుంటే గీత 5 మి.మీ.కంటే తగ్గితే తీసేటప్పుడే విరుగుతుంది, లేజర్ వేడికి సన్నగీత వంకరపోతుంది కూడా.

## నియాన్ ఫ్లెక్స్

కాఫీ షాపులు, సెలూన్ల లోపలి గోడలకి వేసే ఎల్‌ఈడీ నియాన్ ఫ్లెక్స్‌కి, అంటే ఎలా వంచితే అలా వంగే వెలుగు పట్టీకి, ఈ జాతి ఫాంట్లు పుట్టుకతోనే సరిపోతాయి. పట్టీ మందం మొత్తం ఒకటే, ఫాంటు గీత మందమూ ఒకటే. 8 మి.మీ. పట్టీతో 8 శాతం ఫాంటు వెయ్యాలంటే అక్షరం 10 సెంటీమీటర్లు, 3 శాతం ఫాంటు రూపం నిలవాలంటే 27 సెంటీమీటర్లు. ఫైలు ఇచ్చేటప్పుడు అక్షరం అవుట్‌లైన్ ఇవ్వకండి. గీత మధ్యగా పోయే ఒంటి గీత ఇవ్వాలి, లేకపోతే పట్టీ అక్షరం చుట్టూ రెండు వరసలు తిరుగుతుంది. 12 వోల్టుల పట్టీని మామూలుగా 2.5 సెంటీమీటర్లకొక గుర్తు దగ్గరే కత్తిరించగలరు, గుర్తుకి అటూ ఇటూ కోస్తే ఆ ముక్క వెలగదు. అక్షరం కొస ఒక సెంటీమీటరు నల్లగా ఉండిపోయిన బోర్డులన్నీ ఈ బాపతే.

తెలుగుని నియాన్‌లో వెయ్యాలంటే వత్తు సైజు చూసుకోండి. వత్తు అక్షరంలో సగం ఉంటుంది, దాని మెలికలో పట్టీ తిరగాలి. "కాఫీ" సులువు, "స్వచ్ఛ" నరకం. వత్తులున్న పేరైతే తెలుగు అక్రిలిక్‌లోనూ ఇంగ్లిష్ నియాన్‌లోనూ చేయించుకోండి.

## వాట్సాప్, ఇన్‌స్టా పోస్టర్లు

1080 పిక్సెళ్ళ బొమ్మలో గీత కనీసం 3 పిక్సెళ్ళు ఉండాలి. 3 శాతం ఫాంటుకి అంటే అక్షరం 100 పిక్సెళ్ళు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే బొమ్మ నొక్కుకుపోయి సన్నగీతల చుట్టూ మురికి చేరుతుంది, డాక్యుమెంటుగా పంపండి. ఫోటో మీద పేరు వేస్తే రెగ్యులర్‌కి తగ్గవద్దు.

## డీటీపీ దగ్గర

ఊళ్ళో చాలా డీటీపీ సెంటర్లలో తెలుగు ఇప్పటికీ అను ఫాంట్లలోనే కొడతారు. ఆ ఫైలులో తెలుగులా కనిపించేది లోపల ఇంగ్లిష్ కోడే. ఫాంటు మార్చి అనెక్ పెట్టగానే పిచ్చి గీతలు వస్తాయి. మీ తెలుగు పాఠాన్ని ఫోన్‌లో టైపు చేసి యూనికోడ్‌లో పంపండి. పేజ్‌మేకర్ యూనికోడ్‌ని తీసుకోదు, ఇన్‌డిజైన్‌లో తెరిస్తే వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టాలి, ఫోటోషాప్ పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్ లోపల టైప్ విభాగంలో దక్షిణాసియా భాషల ఎంపిక ఆన్ చెయ్యాలి. ఇవి లేకపోతే వత్తు అక్షరం కిందికి దిగకుండా పక్కన పొల్లుతో నిలబడుతుంది, "అమ్మ" "అమ్‌మ" అవుతుంది.

అచ్చుకి వెళ్ళే పీడీఎఫ్‌లో అక్షరాలన్నీ కర్వ్స్‌గా మార్చి ఇవ్వండి, మార్చని ఫైలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ప్రూఫ్ చూడాల్సింది అసలు కాగితం మీద, అసలు సైజులో. భూతద్దం అక్కర్లేదు. ధ, భ, ఫ, ఛ అక్షరాల గీతలు చేయి చాపినంత దూరంలో ట్యూబ్‌లైట్ వెలుతురుకి కనిపిస్తే అచ్చుకి సరే అనండి, కనిపించకపోతే ఒక బరువు పెంచి మళ్ళీ తీయమనండి.